మా నాయిన నడిపిన ఆల్విన్ నిస్సాన్

మియాపూర్‌లో ఆల్విన్ క్రాస్‌రోడ్స్ దగ్గర రోజూ ఆటో ఎక్కేవాళ్లలో ఎంతమందికి ఆ పేరు సంగతి తెలుసో నాకు డౌటే. ఆల్విన్ 1942లో, నిజాం కాలంలో పుట్టిన హైదరాబాద్ కంపెనీ. బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, వాచీలు చేసింది. మా ఇంట్లో మాత్రం ఆల్విన్ అంటే వ్యాను.

మా నాయిన జనగామలో ఒక సేటు దగ్గర డ్రైవరు. ఆ సేటు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది ఆల్విన్ నిస్సాన్ బండి. మానుకోట నుంచి మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కి వేసేవాడు. ఇంకో కిరాయి దొరికితే కిరాణా సామాన్లతో భూపాలపల్లికి. "ముక్కు లేని బండి బిడ్డా, రోడ్డు మన ఒళ్లోనే ఉన్నట్టుంటది" అంటాడు ఇప్పటికీ. సేటు దాన్ని అమ్మేస్తూ "కంపెనీనే మునిగింది, ఇగ బండేం బాగుంటది" అన్నాడట. ఆ మాట నాయినకి మింగుడు పడలేదు.

మరి కంపెనీ ఎందుకు మునిగింది? 1980ల్లో నాలుగు జపాన్ కంపెనీలు చిన్న లారీల కోసం ఇండియాకి వచ్చాయి. టయోటా డీసీఎంతో, మజ్దా స్వరాజ్‌తో, మిత్సుబిషి ఐషర్‌తో, నిస్సాన్ మన ఆల్విన్‌తో కలిశాయి. ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ జహీరాబాద్‌లో పెట్టారు. (డీసీఎం టయోటా కూడా ఎక్కువ కాలం లేదు. కానీ మన దగ్గర ఏ చిన్న లారీ కనిపించినా 'డీసీఎం' అనే అంటాం!)

మొదట్లో చాలా పార్టులు జపాన్ నుంచే రావాలి. 1985లో న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్‌లో ఐదు పెద్ద దేశాలు కరెన్సీల మీద ఒప్పందం చేసుకున్నాయి. అప్పటిదాకా డాలర్‌కి 240 దరిదాపుల్లో ఉన్న యెన్, 1988కల్లా 130 దగ్గరికి వచ్చింది. అంటే అదే పార్టుకి దాదాపు రెట్టింపు డాలర్లు కట్టాలి. సరిగ్గా ఆ మధ్యలోనే, 1986లో, టాటా సొంత డిజైన్‌తో 407 దింపింది. ఇంకేముంది? 1980లు ముగిసేసరికి ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి పోయింది. జహీరాబాద్‌లో ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి.

మొన్న ఈ యెన్ లెక్కంతా నాయినకి చెప్పాను. మొత్తం విని, "అయితే బండి తప్పేం లేదన్నట్టు" అన్నాడు. ఇక దాని గేర్లు ఎంత మెత్తగా పడేవో అరగంట చెప్పాడు.