టైరు చెప్పే జాతకం

మొన్న వెనక చక్రంలో మేకు దిగితే, బండి తోసుకుంటూ పంక్చరు షాపుకి చేరానండీ. కుర్రాడు మేకు లాగి, టైరు మీద బొటనవేలు అడ్డంగా రాస్తూ, "అంకుల్, మీరు ఎక్కువగా హైవే మీదే తిరుగుతారు కదూ?" అన్నాడు. నేను తెల్లబోయాను. "మధ్యలో చపాతీలా అయిపోయింది, అంచులేమో నిన్న కొన్నట్టున్నాయి" అని నవ్వాడు.

పక్క బెంచీ మీద టీ తాగుతున్న ఇద్దరు కుర్రాళ్లు కూడా నవ్వారు. వాళ్లది స్పోర్ట్స్ బండి. "చికెన్ స్ట్రిప్స్" అని ఒకడు గొణిగాడు. మనకి చికెన్ అంటే ఆదివారం, ఇంగ్లీషులో పిరికివాడు. మలుపులో బండి బాగా వంచనివాడి టైరుకి రెండంచులా అరగకుండా మిగిలే పట్టీల పేరట అది. పట్టీ ఎంత వెడల్పుంటే అంత పిరికి. కొలుచుకున్నాను: నాది రెండు వేళ్ల వెడల్పు పిరికితనం!

ఉక్రోషం వచ్చింది, దాచుకోవడమెందుకు? ఇంటికొచ్చి లెక్క వేశాను. 30 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపులో గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే బండి సుమారు 23 డిగ్రీలు వంగాలి. అదే మలుపులో 60తో వెళ్తే 43 డిగ్రీలు. మరి ఆ మలుపు అవతల ఎవరో ధాన్యం ఆరబోసి ఉంటే? గేదె అడ్డంగా నిలబడి ఉంటే? ఇవన్నీ తెలిసినవాడు 40తోనే వెళ్తాడు. వాడి పట్టీలు అలాగే ఉంటాయి, వాడి ఎముకలూ అలాగే ఉంటాయి.

ఇంకో తమాషా వినండి. మార్క్ మార్కెజ్ లాంటి రేసు వీరులు 60 డిగ్రీలు దాటి వంచుతారు, నిజమే. కానీ వాళ్లు సీటు మీంచి పక్కకి జారి, మోకాలు నేలకి ఆనేలా వేలాడతారే, అదెందుకనుకున్నారు? ఒంటి బరువు లోపలివైపు జరిగితే అదే మలుపులో, అదే వేగానికి బండి కొంచెం తక్కువ వంగినా సరిపోతుంది. అంటే మన రోడ్డు మీద, మన వేగంతో ఆ పనితనం చూపిస్తే పట్టీ పెరుగుతుందే గాని తరగదు! ఖాళీ మైదానంలో గిరగిరా చుట్లు కొట్టినా అంచులు అరుగుతాయి. గరుకు కాగితంతో రుద్దుకునే ఘనులున్నారని బైకర్లు వాళ్లలో వాళ్లే జోకులేసుకుంటారు.

ఇక దారి సంగతి. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు 1944 నాటిది, హెయిర్‌పిన్ మలుపులే 36. రోజూ అది దిగేవాడి టైరుకీ, విజయవాడ హైవే మీద గీత గీసినట్టు పోయే నా టైరుకీ పోటీ ఏమిటి చెప్పండి? టైరు ముందు చెప్పేది దారి గురించి.

అలాగని మన గుణం అసలే చెప్పదనీ అనలేను. వెనక టైరులో ఒకచోట మాత్రం బల్లపరుపుగా గీరుకుపోయిందా, కంగారుగా వెనక బ్రేకు తొక్కి జారిన గుర్తు అయ్యుంటుంది. గాలి ఎక్కువైతే నడుమ అరుగుతుంది, తక్కువైతే పక్కలు అరుగుతాయి. అది బద్ధకం పద్దు.

నా బద్ధకం కూడా ఆ రోజే బయటపడింది. కుర్రాడు టైరు పక్కన నాలుగంకెలు చూపించాడు: 2316. "2016లో 23వ వారం అంకుల్, మీ టైరు పుట్టినరోజు." తర్వాత గాడి అడుగున ఉన్న చిన్న గట్టు చూపించాడు. బైకు టైర్లలో దాని ఎత్తు సాధారణంగా 0.8 మిల్లీమీటర్లు. పైన రబ్బరు అరిగి దానితో సమానమైతే టైరు గుండయినట్టే. నాది ఎప్పుడో సమానమైపోయింది. పట్టీల గురించి ఉడుక్కున్న పెద్దమనిషి ఆ గట్టు వంక ఒక్కసారీ చూడలేదు!

కొత్త టైరు వేయించాను. మీరూ రేపు పొద్దున బండి తీసేముందు ఆ అంకెలూ ఆ గట్టూ ఓసారి చూసుకోండి, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలిపించండి. అంచుల పట్టీలంటారా, ఉండనివ్వండి. వాటివల్ల ఎవరూ పడిపోలేదు.