ఒలిచిపెట్టిన అరటిపండు

మా మేనల్లుడు మిరప మానేసి అరటి వేస్తానన్నది 2024 సంక్రాంతికి. కనుమ నాడు గారెలూ మాంసమూ అయ్యాక, అందరూ నడుం వాల్చే వేళ, జేబులోంచి మడతలుపడ్డ కాయితం తీసి నా మంచం మీద పరిచాడు. ఎవరో మొక్కలమ్మే మనిషి రాసిచ్చిన లెక్క అది. ఆరడుగులకొక మొక్క, ఎకరాకు 1,210. మొక్కకొక గెల, గెలకు పాతిక కిలోలు. కిలోకి పది రూపాయలే వేసుకున్నా మూడు లక్షలు దాటుతుంది. పెట్టుబడి పోను సగం మిగులు. రెండో ఏడు మొక్క కొనే పని కూడా లేదు, పిలకే తల్లవుతుంది.

"తప్పెక్కడుందో చెప్పు మావయ్యా," అన్నాడు.

తప్పు లేదు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినవాణ్ణి, రెండుసార్లు హెచ్చవేసి చూశాను. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాశాడా పెద్దమనిషి. కాకపోతే ఒలిచిన అరటిపండుతో ఒక చిక్కుంది. అప్పటికప్పుడు తినెయ్యాలి. కాసేపు పక్కన పెడితే నల్లబడిపోతుంది. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు. తట్టడానికి నెలపైన పట్టింది.

మిరప మీద వాడికి మనసు విరగడంలో విడ్డూరమేం లేదు. 2021లో నల్ల తామరపురుగు వచ్చిపడింది. అంతకుముందు మేం చూసిన తామరపురుగు ఆకు కింద చేరేది, ముడత తెచ్చేది. ఇది నేరుగా పువ్వులోకే దూరి కూర్చుంది. పువ్వు విప్పి అరచేతిలో దులిపితే మిరియపు పొడి చల్లినట్టు నల్లగా పారాడేది. ఏ మందుకీ లొంగలేదు. అప్పులు తెచ్చి పెంచిన చేలల్లో జనం గొర్రెలను తోలారు. మా తరంవాళ్ళకి ఇది కొత్త ఏడుపు కాదు. 1980ల్లో పత్తి మీద తెల్లదోమ పడ్డప్పుడు, 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు ఆ పత్తికి తెచ్చిన మందే తాగిన రోజులు మేం చూశాం. అయినా ఈ నల్లరేగడి మీద పత్తీ మిరపా పోలేదు. ఎందుకు పోలేదని చాలాసార్లు ఆలోచించాను. లాభం ఒక్కటే కారణం కాదు. ఆ రెండు పంటలూ మనిషిని కాచుకోనిస్తాయి.

మిరపకాయ కల్లంలో ఆరబోస్తాం, తాలు ఏరేస్తాం, టిక్కీలు కుడతాం. ధర బాగుంటే గుంటూరు యార్డుకి, లేకపోతే 'ఏసీ'కి. గుంటూరు చుట్టూ వందకు పైగా ఉన్న కోల్డ్ స్టోరేజీలన్నీ రైతు ఆశని చల్లగా నిలవబెట్టే గదులే అనిపిస్తుంది నాకు. పత్తి సంగతీ అంతే. ఏసీ కూడా అక్కర్లేదు. మా నాన్న మధ్యగదిలో కప్పు దాకా పత్తి పోసి, మేం పిల్లలం దాని మీద దొర్లుతుంటే తిడుతూ, 'ఇంకో వారం చూద్దాం' అంటూ మూడు నెలలు చూసేవాడు. ఆ చూడటంలో ఒక్కోసారి గెలిచాడు, ఎక్కువసార్లు ఓడాడు. కానీ చూసే హక్కయితే ఆయన చేతిలో ఉండేది.

ఆ ఫిబ్రవరిలో వాణ్ణి వెంటబెట్టుకుని కొల్లిపర వైపు లంకల్లోకి వెళ్ళాను. గుంటూరు సీమలో అరటి చూడాలంటే అక్కడే చూడాలి. తెనాలి దాటి కృష్ణ కరకట్ట ఎక్కేసరికి నేల రంగే మారిపోతుంది. మా నల్లరేగడి ఎండాకాలం అరచెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చి, వానాకాలం చెప్పుని పీకి తనే ఉంచుకుంటుంది. లంకనేల ఏటి ఒండ్రు, పిడికిట్లో పట్టుకుంటే పిండిలా జారిపోతుంది. అరటికి నీళ్ళు కావాలి, నీళ్ళు నిలవకూడదు. ఆ రెండు మాటలకీ ఆ నేల ఒప్పుకుంటుంది. అరటికి ఏడాదికి 1,800 నుంచి 2,000 మిల్లీమీటర్ల నీరు కావాలంటారు. మా వైపు కురిసేది అందులో సగం కూడా ఉండదు. మిగతాది బోరూ డ్రిప్పూ తేవాలి. లంకలో పదిహేను ఇరవై అడుగుల్లోనే నీళ్ళు.

మాకు తోట చూపించిన ముసలాయన కౌలురైతు. డెబ్భై దాటినా నిటారుగా ఉన్నాడు. వంగి ఒక దుంప పక్కన మట్టి చేత్తోనే గీకి రెండు పిలకల్ని చూపించాడు. ఒకటి సన్నటి కత్తుల్లాంటి ఆకులతో, కింద లావుగా ఉంది. రెండోది చిన్నప్పుడే వెడల్పాటి ఆకులేసుకుని ముద్దుగా ఉంది. "ఏది తీసుకుంటావయ్యా?" అని మావాణ్ణి అడిగాడు. మావాడు వెడల్పాకుల దాన్ని చూపించాడు. నేనూ అదే చూపించి ఉండేవాణ్ణి. ముసలాయన నవ్వి దాన్ని గునపంతో పొడిచి అవతల పారేశాడు. "అది నీటిపిలక. చూపుకే. తల్లి దుంపని గట్టిగా పట్టుకుని పెరిగింది ఈ సూదిపిలక. గెలేసేది ఇదీ."

తోటలో అరటి ఒక్కటే లేదు. అరటి వరసల మధ్య ఎండిన పసుపు ఆకు మిగిలి ఉంది, దుంప తవ్వకం సాగుతోంది. ఓ పక్క కంద తవ్వి కుప్ప పోశారు. గట్టు అవతల తమలపాకు తోట. ఇన్ని పంటలు ఒకే చేలో ఎందుకని అడిగితే ఆయన చెప్పిన జవాబు కోసమే నేనీ వ్యాసం రాస్తున్నానేమో.

"గెల ముదిరితే నాది కాదు బాబూ. ఇవాళ కొట్టకపోతే రేపు చెట్టు మీదే పగులుద్ది. వ్యాపారి ఎంతంటే అంత. మరి ఆడు ఆ మాటనగలిగేది ఎప్పుడూ? ఇంట్లో పైసా లేనప్పుడు. అందుకని పసుపు. ఉడకబెట్టి ఆరబెట్టి మూలన పడేస్తే ఏడాదైనా పడుంటది. అరటి డబ్బులు నెలనెలా ఇంటికి, పసుపు డబ్బులు దుగ్గిరాల్లో ధరొచ్చినప్పుడు అప్పుకి."

కాచుకోలేని పంట పక్కన కాచుకునే పంట! ఆ కాయితంలో లేనిది ఇదే. అందులో మొక్కలున్నాయి, కిలోలున్నాయి, రూపాయలున్నాయి. గెల ముదిరిన రోజు పొద్దున్నే గట్టు మీద నిలబడే కొనుగోలుదారుడు లేడు.

ఇంకో సంగతి కూడా ఆ తోటలోనే అర్థమైంది. కాయితంలో రాసింది జీ-నైన్ మొక్క, టిష్యూకల్చర్ది. అసలు పేరు గ్రాండ్ నైన్, ఫ్రెంచి వాళ్ళ మాట, అర్థం 'పెద్ద మరుగుజ్జు' అని. ల్యాబులో పుట్టిన మొక్కలన్నీ అచ్చుగుద్దినట్టుంటాయి, ఒక్కసారే ఎదుగుతాయి, నెలా నెలన్నర వ్యవధిలో తోటంతా కోతకొస్తుంది. లారీకి అది వరం. అనంతపురం, పులివెందుల వైపు టన్ను లెక్కన అమ్ముకునేది అలాగే. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి చల్లటి కంటైనర్లతో అరటి రైలే కదిలింది, ముంబై రేవు మీదుగా ఓడ ఎక్కడానికి. అది అక్కడ చెల్లింది, ఎందుకంటే అక్కడ ఊళ్ళకి ఊళ్ళు అదే పంట, కొనే కంపెనీ చేలోకే వస్తుంది. పత్తీ మిరపా మధ్య ఒక్కడు ఒక్క ఎకరం వేసి, 1,210 గెలలు నెలన్నరలో కొట్టాల్సివస్తే, లారీవాడికి అది తక్కువ, ఊరికి అది ఎక్కువ. లంకలో పిలక నాటిన కర్పూర చక్రకేళి అలా కాదు. ఒకటి ముందు, ఒకటి వెనక. ఇవాళ ఇరవై గెలలు, ఎల్లుండి పదిహేను. టన్ను మాటే లేదు, గెలకింత అని బేరం. పుస్తకాలవాళ్ళు ఈ ఎగుడుదిగుడుని లోపమంటారు. సైకిలు మీద గెలలు వేసుకెళ్ళే మనిషికి అమ్ముకునేవాడికి అదే కలిసొచ్చేది.

అన్నీ ఒకేలా ఉండటంలో ఉన్న ప్రమాదం ప్రపంచానికి ఒకసారి తెలిసొచ్చింది కూడా. మధ్య అమెరికా తోటలన్నిటా గ్రోస్ మిషెల్ అనే ఒకే రకం పెంచారు. పనామా తెగులు మట్టిలోంచి లేచి 1960ల నాటికి దాన్ని వ్యాపారంలోంచే తుడిచిపెట్టింది. దాని జాగాలోకొచ్చిందే కావెండిష్ జాతి, మన జీ-నైన్ ఆ వంశమే. మన కోస్తాలో అమృతపాణి వెనకబడటానికీ ఆ తెగులు పెద్ద కారణం. అమృతపాణి రుచి తెలిసిన నాలుక ఇంకో పండు తిని తృప్తిపడదు. నాది ఆ నాలుకే, అందుకని జీ-నైన్ మీద నాకు కాస్త చిన్నచూపుందని ఒప్పుకుంటాను.

తిరుగుదారిలో మావాడు ఏం మాట్లాడలేదు. పేరేచర్ల దగ్గర టీ తాగుతూ, "మన మిరపకి తగిలే వైరస్సు అరటికీ తగులుద్దంట కదా మావయ్యా," అన్నాడు. నిజమే. కుకుంబర్ మొజాయిక్ అనేది పేరుకే దోసకాయది. మిరపకీ వస్తుంది, అరటికీ వస్తుంది. దాన్ని మోసుకొచ్చేవాటిలో పత్తి మీద పాకే పేనుబంక ఒకటి. అంటే మా ఊరి పొలిమేరల్లో పత్తి ఇంటివాడు, మిరప ఇంటివాడు, అరటి కొత్తగా వచ్చిన అల్లుడు, రోగం మాత్రం ముగ్గురికీ చుట్టమే. దీనికితోడు మే నెల వడగాడ్పు. రెంటచింతల ఎండ పేరు రాష్ట్రమంతా ఎరిగిందే. ఆ గాడ్పులో అరిటాకు దువ్వెన పళ్ళలా చీలిపోతుంది. ముల్లు మీద ఆకు పడ్డా, ఆకు మీద ముల్లు పడ్డా అన్న సామెత వినడమే గాని, గాలి కూడా ముల్లేనని అరటి వేశాకే తెలుస్తుంది. గెల బరువుకి వంగిన చెట్టుకి వెదురు బొంగు పోటు పెట్టాలి, చుట్టూ అవిశె వెయ్యాలి. బొంగుల ఖర్చు కాయితంలో లేదు.

చివరికి ఆ జులైలో వాడు వేసింది అర ఎకరం. జీ-నైన్ కాదు, బొంత. లంక ముసలాయన దగ్గరే సూదిపిలకలు, ఏడడుగులకొకటి, నాలుగు వందల నలభై. కూర అరటే ఎందుకంటే రెండు కారణాలు చెప్పాడు. పండే రకాలతో పోలిస్తే బొంత మొండిది, నీటి ఎద్దడికి ఓర్చుకుంటుంది. రెండోది, పండించి మాగబెట్టే బాధ లేదు. కాయగానే అమ్ముడుపోతుంది, మాగే గదీ కార్బైడ్ గొడవా మనకెందుకన్నాడు. నాటడానికి ముందు నెల రోజులు నరసరావుపేటలో తిరిగాడు. కర్రీ పాయింట్లు, పెళ్ళిళ్ళకి వండే మేస్త్రీలు, సాయంత్రం బజ్జీల బళ్ళు. ఆ బళ్ళ మీద మిరపకాయా అరటికాయా ఒకే శనగపిండిలో మునిగి ఒకే మూకుట్లో వేగుతాయి. వాడి పొలం లెక్కంతా నాకా మూకుట్లోనే కనబడింది. వారానికి ఎన్ని గెలలు కావాలో పద్నాలుగు మందిని అడిగి రాసుకొచ్చాడు. ఆ కాయితం నాకు చూపించలేదు గాని, మొదటిదానికంటే అదే మంచి కాయితం. మిరపచేనుకీ అరటికీ మధ్య నాలుగు వరసలు జొన్న దట్టంగా వేశాడు, పేనుబంక ఆగుతుందని.

ఆ సెప్టెంబరులో కృష్ణకి వరదొచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టాక ఎన్నడూ రానంత. కొల్లిపర, కొల్లూరు లంకలు మునిగాయి. టీవీలో నీళ్ళ మీద అరటి తలలు మాత్రం తేలుతూ కనబడ్డాయి. అరటి మొదట్లో నాలుగు రోజులు నీళ్ళు నిలిస్తే దుంప కుళ్ళుతుంది, పసుపైతే ఇంకా ముందే పోతుంది. కాచుకునేదీ కాచుకోనిదీ రెండూ ఒకే నీళ్ళలో పోయాయి. మావాడు ముసలాయనకి ఫోన్ చేశాడు. "తోట పోయింది, కౌలు పోలా," అన్నాడట. కౌలుదారుకి నష్టపరిహారం జాబితాలో పేరెక్కించుకోవడం ఇంకో వ్యవసాయం, దాని సంగతి ఇక్కడొద్దు. నాలుగు నెలల తర్వాత మావాడు తన తోటలో పుట్టిన సూదిపిలకల్లోంచి రెండొందలు తవ్వి, ట్రాక్టరు మీద తిరిగి లంకకి పంపాడు. డబ్బు తీసుకోలేదు. ముసలాయన మాత్రం బండివాడి చేతికి పది కిలోల కంద ఇచ్చి పంపాడు.

మావాడి మొదటి గెల 2025 శ్రావణంలో కొట్టారు. ఒక అత్తం మా ఇంటికొచ్చింది. మా ఆవిడ ఆవపెట్టి కూర చేసింది. తొక్కలు కూడా పారెయ్యక పచ్చడి నూరింది. కార్తీకంలో గెల కొట్టేసిన బోదెల్ని దీపాల దొప్పలకని ఆడవాళ్ళు అడిగి పట్టుకెళ్ళారు. పెళ్ళి పందిళ్ళవాళ్ళు గెలతో ఉన్న చెట్లనే జత లెక్కన కొన్నారు, కూరగాయ ధరకంటే అదే ఎక్కువొచ్చింది. ఏడాది చివర లెక్క చూసుకుంటే ఆ అర ఎకరం మీద ఖర్చులన్నీ పోను మిగిలింది ఎనభై వేల లోపు. మూడు లక్షల కాయితం ఇప్పటికీ వాడి బీరువాలో ఉంది.

మిగతా ఐదెకరాల్లో ఈ ఏడు కూడా మిరపే వేశాడు.