అత్తయ్య గ్లాసు

మా అత్తయ్య దాదాపు రెండేళ్ళు మాతో కలిసి భోంచేయలేదు. "మీరు కానివ్వండమ్మా, నాకు ఇంకా ఆకలి కాలేదు" అనేవారు. అందరం లేచాక వంటింట్లో ఒక్కరే కూర్చుని, మెత్తగా పిసికిన పప్పన్నం తినేవారు. ఆవిడ అలవాటు అంతేలే అనుకున్నాను నేను.

అసలు సంగతి చాలాకాలానికి చెప్పారు. మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో, పంక్తిలో నవ్వబోతే కింది కట్టుడు పళ్ళు జారి విస్తట్లో పడ్డాయట. ఎవరూ చూడలేదు. ఆవిడ చూసుకున్నారు, అంతే చాలింది.

పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పళ్ళు పోయాక దవడ ఎముక ఏటేటా తరుగుతుందని, అందుకే ఒకప్పుడు సరిపోయిన సెట్టు ఇప్పుడు ఊగుతోందని చెప్పింది. పై సెట్టుకి అంగిలి ఆసరా ఉంటుంది. కిందిదానికి అదీ లేదు, పైగా నాలుక కదిలినప్పుడల్లా తోస్తుంది. ఎముకలో టైటానియం ఇంప్లాంట్లు వేసి, వాటి మీద కదలని బ్రిడ్జి బిగించవచ్చంది. ఇదేం కొత్త ప్రయోగం కాదు, స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే డాక్టరు 1965లోనే మొదటి పేషెంటుకి వేశాడట.

ఖర్చు వినగానే అత్తయ్య లేచి నిలబడ్డారు. "ఇంకెన్నాళ్ళు బతుకుతానమ్మా, ఎందుకివన్నీ?" ఇంటికొచ్చాక మావారూ అదే పాట. "అమ్మే వద్దంటోంది కదా."

"మన పాపకి పళ్ళు ఎత్తుగా ఉన్నాయని క్లిప్పులు వేయించాం. అది వద్దని ఏడ్చినా ఆగామా?" అన్నాను. ఆయన మాట్లాడలేదు. మర్నాడు కారు మార్చడానికి దాచిన డబ్బు తీశారు. మిగతాది మరిది సర్దాడు.

వెంటనే మొదలుపెట్టలేదు. అత్తయ్యకి మూడు నెలల సగటు షుగరు 8.6 ఉంది. అది తగ్గితేగానీ పుండు సరిగ్గా మానదన్నారు. 7.1కి వచ్చేసరికి మూడు నెలలు పట్టింది. తర్వాత దవడలకి స్కాన్ తీసి, ఎముక ఎక్కడ గట్టిగా ఉందో, నరం ఎక్కడుందో కంప్యూటర్లో చూసుకుని, ఏ ఇంప్లాంటు ఏ వాలులో దిగాలో ముందే నిర్ణయించారు. దాని ప్రకారం చిగుళ్ళ మీద కూర్చునే ప్లాస్టిక్ అచ్చు ఒకటి తయారైంది, దానికి లెక్కగా రంధ్రాలు. జాకెట్టు కుట్టేముందు కాగితం మీద కత్తిరించుకుంటాం చూడండి, అలాంటిదన్నమాట. కింద నాలుగు, పైన ఆరు వేశారు. రెండు రోజులకే తాత్కాలిక బ్రిడ్జి పెట్టారు. ఎముక పట్టుకోవాలి కాబట్టి చాలా వారాలు జావ, మెత్తటి అన్నమే. ముఖం వాచిన మొదటి మూడు రోజులూ ఆవిడ మావంక కోపంగా చూస్తే, తప్పు చేశానా అని నాకు నిద్రపట్టలేదు.

ఐదు నెలలకి అసలు బ్రిడ్జి బిగించారు. వేయించుకుని వదిలేసేవి కావివి. బ్రిడ్జి కింద ఇరుక్కున్న మెతుకుల్ని సన్నటి బ్రష్షుతో, నీళ్ళు చిమ్మే మెషీనుతో రోజూ శుభ్రం చేయాలి. చేయకపోతే చిగురు వాచి, ఎముక కరిగి, ఇంప్లాంటు ఊడొచ్చు. అంత ఖర్చు కుదరనివాళ్ళకి కింద రెండే ఇంప్లాంట్లు వేసి, ప్రెస్ బటన్‌లా తగిలే సెట్టు పెట్టే పద్ధతీ ఉంది. అడిగి చూడండి.

మొన్న ఆదివారం అత్తయ్య మా మధ్యన కూర్చుని చేగోడీ కొరికారు. కరకరమన్న చప్పుడికి మావారు తలెత్తి చూసి, మళ్ళీ కంచంలోకి దించుకున్నారు. ఆవకాయ టెంక మాత్రం కొరకొద్దంది డాక్టరమ్మ. దాని మీద ఇంకా సణుగుతూనే ఉన్నారు.

రాత్రిళ్ళు సెట్టు నానేసుకునే గాజు గ్లాసు పారేశాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా "మీరు తినండి, నేను తర్వాత తింటాను" అంటుంటే, ఆకలి లేదని నమ్మేయకండి. నేను రెండేళ్ళు నమ్మాను.