వడ్డీ లేకుండా ఒక కారు

జుమా నమాజు వేళ మా నల్లగొండ మస్జిదుల ముందు ద్విచక్ర వాహనాలతో పాటు కార్లు కూడా బారులు తీరుతున్నాయి. ఏపీ 24, టీఎస్ 05, టీజీ 05 అంటూ మూడు కాలాల నంబరు పలకలు ఒకే వరుసలో కనిపిస్తాయి. ఇందులో ఆక్షేపించదగినది ఏమీ లేదు. గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను స్వారీ కోసమూ శోభ కోసమూ సృష్టించినట్లు అల్లాహ్ నహ్ల్ సూరాలో తెలిపాడు. మనం ఎరుగని మరెన్నింటినో సృష్టిస్తాడని కూడా అక్కడే ఉంది. తఫ్సీరు పాఠంలో ఆ చోటికి రాగానే మా విద్యార్థులు రైలు, విమానం, కారు అంటూ పోటీపడి చెబుతారు. సౌకర్యవంతమైన వాహనాన్ని మనిషి సౌభాగ్యాలలో ఒకటిగా దైవప్రవక్త (స) పేర్కొన్నారు. కనుక కారు అనగానే దుబారా అని ముఖం చిట్లించే పెద్దలతో మేము ఏకీభవించము.

మా దిగులు వేరు. ఆ కార్లలో చాలావాటి ఆర్సీలలో యజమాని పేరుతో పాటు ఒక బ్యాంకు పేరు కూడా ఉంటుంది. ఏ కారు కొనాలన్న చర్చ మన ఇళ్లలో నెలల తరబడి సాగుతుంది. సొమ్ము ఎలా సమకూర్చాలన్నది మాత్రం షోరూములో అరగంటలో తేలిపోతుంది. ఈ వరుస తలక్రిందులు కావాలన్నదే మా అభిప్రాయం. గత ఏడాది మా ఇంట్లో జరిగినది చెబితే విషయం స్పష్టమవుతుంది.

మా అమ్మాయిని మహబూబ్‌నగర్‌లో ఇచ్చాము. మా అమ్మగారికి డెబ్బై అయిదు దాటాయి, మోకాళ్లు సహకరించవు. మనుమరాలిని చూడాలంటే కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులు మారుతూ వెళ్లాలి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు. అది మంచి పనే. కానీ టికెట్టు పోయినంత మాత్రాన బస్సు మెట్టు ఎత్తు తగ్గలేదు, సీటు దొరకలేదు. అద్దె కారు మాట్లాడితే మదరసా జీతంలో పెద్ద భాగం ఒక్క రోజులో పోతుంది. ఇంటికి కారు అవసరమని అందరమూ అంగీకరించాము.

మా పెద్దబ్బాయి ప్రైవేటు ఉద్యోగి. కొత్త కారే కొనాలన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది కదా, ఇంతకంటే మంచి సమయం రాదన్నాడు. చేతిలో ఉన్నది కట్టి, మిగిలిన అయిదు లక్షలు బ్యాంకులో తీసుకుందామన్నాడు. “అబ్బా, నెలకు పదివేల చిల్లర. నా జీతంలోంచి నేనే కడతాను. మీరు సంతకం కూడా చేయనక్కరలేదు” అన్నాడు.

మేము వాడి మీద కోపగించలేదు. నానమ్మ మీద ప్రేమతోనే అడుగుతున్నాడు. కాగితం, కలం తెప్పించి లెక్క వేయమన్నాము. అయిదు లక్షలకు తొమ్మిది శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అనుకుంటే నెలకు సుమారు 10,380 రూపాయలు. అరవై నెలలకు దాదాపు 6,22,750. అసలు పోగా లక్షా ఇరవై రెండువేల పైచిలుకు వడ్డీ. ఈఎంఐ అనే మూడక్షరాల మాట వెనుక ఈ అంకె దాగి ఉంటుంది. లోకమంతా దానిని వాయిదా అని పిలవడం వల్ల దాని స్వభావం మారదు. వడ్డీని వదలనివారిపై అల్లాహ్, ఆయన ప్రవక్త (స) యుద్ధ ప్రకటన చేసినట్లు బఖరా సూరాలో ఉన్నది. తినేవాడితో పాటు ఇచ్చేవాడు, వ్రాసేవాడు, సాక్షులు కూడా అందులో సమానులని సహీహ్ ముస్లిం హదీసు. “సంతకం మాది కాకపోయినా ఆ కారులో కూర్చునేది మేమే కదా బేటా” అన్నాము. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగిన ప్రశ్న సరైనదే: “అయితే మనవంటివారికి దారి ఏది?”

మన దేశంలో ఆ దారి ఇరుకే. రఘురామ్ రాజన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం వడ్డీ లేని బ్యాంకింగు అవసరమని 2008లో సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించింది. అయితే బ్యాంకు లేనంత మాత్రాన మార్గం మూసుకుపోదు. నిజాం కాలంలోనే హైదరాబాదు ఉద్యోగులు పొదుపు చేసుకుని, వడ్డీ లేకుండా ఒకరికొకరు అప్పిచ్చుకునే సంఘాలు నడిపారు. ఆ సంగతిని హైదరాబాదులో పుట్టిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గ్రంథస్థం చేశారు. మన వీధుల్లో వేలంపాట లేకుండా, పేర్లు తీసి వంతులవారీగా ఇచ్చే చీటీ దానికి చిన్న తమ్ముడి వంటిది. పాట పాడి, తగ్గించుకుని ఎత్తుకునే చీటీ సంగతి వేరు. అది వడ్డీ గుమ్మంలోకే నడిపిస్తుంది.

మరొక దారి వాయిదాల మీద కొనుగోలు. సరుకు యజమాని తానే గడువు ఇచ్చి, ధరను ఒప్పందం నాడే ఖరారు చేసి, ఆలస్యమైతే ఒక్క రూపాయి పెంచకుండా ఉంటే ఆ బేరం ధర్మసమ్మతమే. నగదు ధర కంటే వాయిదా ధర ఎక్కువగా ఉండవచ్చునని 1990 మార్చిలో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ కూడా తీర్మానించింది. బ్యాంకు అలా కాదు. అది మనకు కారు అమ్మదు. సొమ్ము అప్పిచ్చి, సొమ్ము మీద సొమ్ము పుచ్చుకుంటుంది.

చీటీ సొమ్ము, మా పొదుపు, అబ్బాయి దాచుకున్నది కలిపితే 2,30,000 రూపాయలు తేలింది. ఇక కారును ఆ సొమ్మే ఎంచింది: వాడిన చిన్న పెట్రోలు కారు. ఇక్కడ అబ్బాయి మాట నెగ్గింది. 2019 జులై తరువాత తయారైనదే చూడాలని పట్టుబట్టాడు. డ్రైవరు ఎయిర్‌బ్యాగు, సీటు బెల్టు హెచ్చరిక, వేగ హెచ్చరిక అన్ని కార్లకూ తప్పనిసరి అయినది ఆ నెల నుంచే. అమ్మగారి షరతు ఒక్కటే: సీటు మరీ కిందికి ఉండకూడదు. ఆ ఒక్క షరతుతో చూసినవాటిలో సగం తొలగిపోయాయి. మా అల్లుడుగారికి తెలిసిన మెకానిక్కును కూలి ఇచ్చి వెంట తీసుకువెళ్లాము. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించి వినడం, కాలి కింది మ్యాట్లు ఎత్తి తుప్పు చూడడం, టైరు మీది నాలుగంకెలతో అది ఏ ఏడాది ఏ వారంలో తయారైందో తెలుసుకోవడం అతడి వద్దనే నేర్చుకున్నాము. బకాయి చలానాలు, ఆర్సీ మీద అప్పు ఉన్నాయా అన్నది అబ్బాయి సెల్‌ఫోనులోనే చూశాడు.

చివరకు నచ్చినది మహబూబ్‌నగర్‌లోనే ఒక విశ్రాంత ఉపాధ్యాయునిది, హిందూ సోదరుడు. మేము ఏమీ అడగక ముందే ఆయన అన్నారు: “మౌల్సాబ్, క్లచ్చి ప్లేటు అరిగింది. ఎడమ తలుపుకు గేటు తగిలితే రంగు వేయించిన. చెప్పకుండ అమ్మితే రేపు మీ మొకం ఎట్ల చూస్త?” బజారులో ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టి, లోపలి తడిని బయటపెట్టిన హదీసును మేము ఏటా బోధిస్తాము. మోసగించేవాడు మావాడు కాడన్న హెచ్చరిక అక్కడిదే. ఆ రోజు ఆ పాఠం మాకు ఒక ముస్లిమేతర సోదరుని నోట వినిపించింది. మనలో కారు అమ్మే ముందు మీటరు వెనక్కి తిప్పించేవారు లేరా? ఆ ప్రశ్న ఇక్కడితో ఆపుతాము.

క్లచ్చి ఖర్చు తగ్గించి 3,40,000కు బేరం కుదిరింది. 2,30,000 నగదు. మిగిలిన 1,10,000 నెలకు పదకొండువేల చొప్పున పది నెలల్లో. ఆలస్యమైనా పెంపు లేదు. నెలసరి భారం బ్యాంకు వాయిదాకు దగ్గరగానే ఉంది, కానీ అరవై నెలలకు బదులు పది. అప్పును వ్రాసుకోవాలన్న ఆజ్ఞ ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయతులో ఉన్నది కనుక, ఇద్దరు సాక్షుల ఎదుట కాగితం వ్రాశాము.

ఒక చిక్కు వచ్చింది. హామీగా, బాకీ తీరేదాకా ఆర్సీ తన పేరనే ఉంచుతానన్నారు సార్. మేము వద్దన్నాము. ఆర్సీలో పేరున్నవాడే యజమానిగా బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. మా చేతిలో కారు ఎవరినైనా ఢీకొంటే నష్టపరిహారం ఆయన మెడకు చుట్టుకుంటుంది. అమ్మినవారు పద్నాలుగు రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి; ఫారం 29, ఫారం 30 ఆ పనికే. మరి హామీ? దైవప్రవక్త (స) తమ కవచాన్ని ఒక యూదుని వద్ద తాకట్టు పెట్టి యవలు అరువు తెచ్చుకున్నారు. తాకట్టు తప్పు కాదు. కానీ మా ఇంట్లో తాకట్టుకు తగినది ఒక్కటే, మా ఇంటావిడ గాజులు. అవి ఆమె మహర్ సొమ్ముతో చేయించుకున్నవి. మేము నోరెత్తలేదు. భార్య సొత్తును ఇంటి సొత్తుగా లెక్కగట్టే అలవాటు మనవారిలో పాతుకుపోయింది. షరీఅతు దానిని ఒప్పుకోదు. రెండు రోజులకు ఆమే అన్నది: “నా గాజులు నేనిస్తున్నాను. రశీదు నా పేరున వ్రాయించండి.” అలాగే వ్రాయించాము. సార్ వాటిని తూకం వేయించి లాకరులో పెట్టారు.

బీమా గురించి చాలామంది అడుగుతున్నారు. ఎదుటివారి నష్టానికి బీమా చట్టరీత్యా తప్పనిసరి గనుక నిర్బంధంగా దానిని అనుమతించిన ఉలమాలు ఉన్నారు. అంతకు మించినదానిపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మీ ముఫ్తీగారిని అడగండి. ఇంటి వాడకపు కారుపై జకాత్ లేదు. అమ్మకానికి కార్లు పెట్టుకున్నవారికి మాత్రం అది వర్తకపు సరుకే.

ఇప్పటికి ఆరు వాయిదాలు చెల్లాయి. నెలకొకసారి అబ్బాయి నానమ్మను ముందు సీటులో కూర్చోబెట్టి మహబూబ్‌నగర్ తీసుకువెళుతున్నాడు. ఆమె ప్రయాణపు దుఆ చదివేదాకా బండి కదలనివ్వదు. మా ఇంటావిడ మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖున, టీ గ్లాసు చేతికి ఇవ్వక ముందే, సార్‌కు డబ్బు చేరిందా అని అడుగుతున్నది.