సక్కర్ ఫిష్‌ని వదిలిన చెరువు

పెళ్ళైన కొత్తలో మా ఇంట్లో అక్వేరియం ఉండేది. గాజుకి పట్టిన పాచి మీరు తోమక్కర్లేదు, ఇదే తినేస్తుందని షాపువాడు వేలెడంత సక్కర్ ఫిష్‌ని అంటగట్టాడు. నిజంగానే తినేసింది. తిని పెరిగింది. రెండేళ్ళకి జానెడు దాటి, తిరగడానికి చోటు లేక, రాత్రిళ్ళు తోకతో గాజుని కొట్టేది. చంపడానికి మనసొప్పలేదు. ఒక ఆదివారం బకెట్లో వేసుకెళ్ళి ఇంటి దగ్గరి చెరువులో వదిలేశాం. మా ఆవిడ దానికి చెయ్యి ఊపింది కూడా. పుణ్యం చేసుకున్నామన్న తృప్తితో ఇడ్లీలు తిని ఇంటికొచ్చాం.

మొన్న అదే గట్టు మీద ఒకాయన వల దులుపుతున్నాడు. మచ్చల చేపలు నాలుగైదు పక్కన పడున్నాయి, ఇంకా కదులుతూ.

"ఇవి అమ్మరా అన్నా?"

"ఎవలు తింటరు సార్? ఒళ్ళంత బొక్కలే. వల సూడు, ఎట్ల చినిగిందో. ఎవలో ఇండ్లల్ల పెంచి, తెచ్చి ఇడిసిపెడ్తరు."

నేనే అనలేదు. 'అవునా' అన్నాను.

ఇంటికొచ్చి చదివాను. దీని సొంతూరు దక్షిణ అమెరికా నదులు. ఒంటి నిండా ఎముక పలకలు, రెక్కలకి గట్టి ముళ్ళు. పొట్టతో గాలి పీల్చుకుంటుంది కాబట్టి ఒడ్డున పడేసినా గంటల తరబడి చావదు, మురికినీళ్ళూ దానికో లెక్క కాదు. మగచేప గట్టులో బొరియ తవ్వి గుడ్లకి కాపలా కాస్తుంది. బొరియలు ఎక్కువైతే గట్టే కోసుకుపోతుంది. మన హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు, చేపని పట్టకుండానే, నీళ్ళలో అది వదిలిన డీఎన్ఏని బట్టి ఉనికి కనిపెట్టే పద్ధతి తయారుచేసి తూర్పు కనుమల్లో వెతికారు. మా భాషలో చెప్పాలంటే, లాగ్స్ చదవడం.

కానీ ఆఫీసులో తప్పు కోడ్ వెళ్తే రాత్రికి రాత్రి వెనక్కి లాగేస్తాం. చెరువుకి ఆ సదుపాయం లేదు. చిన్న కుంటైతే ఎండగట్టొచ్చు. పెద్ద చెరువులో ఒకసారి పిల్లలు పెట్టాక మొత్తం ఏరేయడం దాదాపు అసాధ్యం. పట్టినవాటిని తిరిగి నీళ్ళలో వేయకపోవడం, కొత్తవి వదలకపోవడం, చేతిలో ఉన్నది అంతే.

ఒక్క చేప గుడ్లు పెట్టలేదుగా అని సర్దిచెప్పుకోబోయాను. నాలాంటి దయగల ఇల్లు ఇంకొకటి ఉంటే చాలని వెంటనే తట్టింది.

షాపువాడిని అడిగితే పెరిగిన చేపని వెనక్కి తీసుకునేవాడేమో. అప్పుడు అడగాలనే తోచలేదు. గట్టు మీది ఆయనకి ఇంకా నిజం చెప్పలేదు. వట్టి చేతులతో వెళ్ళి ఏం చెప్పను? ముందు వల ఖరీదెంతో కనుక్కోవాలి.