రొయ్యలు వేయించబోతే...

మాది భీమవరం దగ్గర ఓ పల్లెటూరు. నాన్నకి రొయ్యల చెరువుంది. కాబట్టి రొయ్యలు వండటం నాకు వెన్నతో పెట్టిన విద్య అని మా రూమ్మేట్ గాడి నమ్మకం. నిజానికి రొయ్యల గురించి నాకు తెలిసింది రెండే. ఒకటి, అమ్మ వండితే తినడం. రెండు, తెల్లారగట్ల కరెంటు పోతే పరిగెత్తుకెళ్ళి జెనరేటర్ వెయ్యడం. ఆ టైములో చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది, ఏరేటర్లు ఆగాయంటే పంటంతా పైకి తేలిపోతుంది. ఆన్‌కాల్ డ్యూటీ అంటే ఏంటో నేను ఉద్యోగంలో చేరాక నేర్చుకోలేదు లెండి.

సరే, అసలు విషయానికొస్తా. 2025 సెప్టెంబరు 20, శనివారం. న్యూజెర్సీలో మా అపార్ట్‌మెంట్. ముందురోజు సాయంత్రమే హెచ్-1బి కి లక్ష డాలర్ల ఫీజు అన్న వార్త వచ్చింది. ఎవరికి వర్తిస్తుందో, దేశం బయట ఉన్నవాళ్ళ గతేంటో తెలీదు. రాత్రంతా వాట్సాప్ గ్రూపులు నిద్రపోలేదు, నన్ను నిద్రపోనివ్వలేదు. శనివారానికి తేలిందేంటంటే అది కొత్త దరఖాస్తులకేనట, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదట. అప్పటికే నేను దసరాకి ఊరెళ్ళే టికెట్టు కేన్సిల్ చేసేసుకుని కూర్చున్నా. తొందరపాటుకి మందు లేదు.

ఆ చిరాకులో ఏదైనా వేయించుకు తిందామని ఫ్రీజర్ తీస్తే బ్రెడెడ్ ష్రింప్ ప్యాకెట్ కనబడింది. ఒక పౌండు, లెక్కపెడితే 24 ముక్కలు. అమ్మ ఏ రొయ్యనైనా ముందు ఉప్పూ పసుపూ వేసి కడుగుతుంది కదా, నేనూ అదే చేశా. ఓ డజను గిన్నెలో వేసి నీళ్ళు పోసి కరగనిచ్చా. పది నిమిషాలకి పైన పొడి అంతా ఊడి నీళ్ళలో కలిసి ఉప్మాలా తయారైంది. అడుగున చిన్న చిన్న రొయ్యలు బిక్కుబిక్కుమంటూ కనబడ్డాయి.

"ప్యాకెట్ వెనకాల చదవొచ్చుగా బాబాయ్" అన్నాడు రూమ్మేట్. డాక్యుమెంటేషన్ చదివే అలవాటు మన జాతికి ఎప్పుడుంది చెప్పండి!

చదివితే ఉన్నది ఇంతే. కరగనివ్వకూడదు. గడ్డ కట్టినవి గడ్డ కట్టినట్టే వెయ్యాలి. కరిగితే రొయ్యలోంచి నీరు దిగి పొడి మెత్తబడిపోతుంది. ఓవెన్ 425 ఫారెన్‌హీట్ దాకా ముందే వేడెక్కాలి. ఒకదానికొకటి తగలకుండా ఒకే వరసలో పేర్చాలి, కుక్కితే ఆవిరి బయటికి పోక ఉడుకుతాయే తప్ప వేగవు. సగం టైములో తిరగెయ్యాలి. మిగిలిన డజనుకి పైన కాస్త నూనె స్ప్రే చేసి అలాగే పెట్టా. ఎర్రగా, కరకరలాడుతూ వచ్చాయి. ఒకటి విరిచి చూశా, లోపల గాజులాంటి పచ్చిదనం పోయి తెల్లగా అయింది. అంటే ఉడికినట్టే.

తింటూ ప్యాకెట్ మళ్ళీ తిప్పి చూశా. రొయ్య ఇండియాదే. పచ్చి రొయ్యకి పొడి పట్టించి 'బ్రెడెడ్' అని అమ్మాలంటే అందులో కనీసం సగం రొయ్య ఉండాలని ఇక్కడి రూలు. 'లైట్లీ బ్రెడెడ్' అంటే 65 శాతం ఉండాలి. అంటే నేను కొన్న పౌండులో సగం దాకా పిండే ఉండొచ్చన్నమాట!

అంతలో నాన్న ఫోన్. అక్కడ ఆదివారం పొద్దున్న ఆరున్నర. టీవీ చూసి కంగారుపడి చేశాడు.

"ఏరా, నీకేం ఇబ్బంది లేదుగా?"

"నాకు కాదులే నాన్నా, కొత్తవాళ్ళకట."

"హమ్మయ్య. ఏం తిన్నావు?"

"రొయ్యలు."

"ఎంత కౌంటు?"

చూశారా, రైతు ప్రశ్న! రుచి ఎలా ఉందని కాదు, కిలోకి ఎన్ని తూగుతాయని. పౌండుకి 24, అందులో సగం పిండి అని చెప్పా. నేను ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసేలోపే, "తలా తొక్కా పోతే సగం పోద్ది. అంటే మన యాభై కౌంటు" అనేశాడు. తర్వాత లెక్కేస్తే దాదాపు 53 వచ్చింది.

"మన చెరువు ఇప్పుడెంత కౌంటుకొచ్చింది?" అనడిగా.

కాసేపు మాట్లాడలేదు. "పట్టించేశాను రా. రెండు వారాలైంది."

ఆగస్టు 27 నుంచి అమెరికాలో మన సరుకు మీద సుంకం 50 శాతం అయింది కదా. రేటు పడింది, ఇంకా పడుతుందేమోనని వంద కౌంటు దగ్గరే పట్టించేశాడట. ఇంకొన్నాళ్ళు మేత వేస్తే పెరిగేవే. నాకెందుకు చెప్పలేదని అడిగితే, "నీ గొడవలు నీకున్నాయి కదా" అన్నాడు. నేనూ టికెట్టు సంగతి అప్పటిదాకా చెప్పలేదు. అప్పుడు చెప్పా. "పోన్లే, సంక్రాంతికి వద్దువుగాని" అన్నాడు, అమ్మకి వినబడకుండా.

ఫోన్ పెట్టేశాక బుర్రలో ఒకటే ఆలోచన. ఆగస్టులో నాన్న చెరువు, సెప్టెంబరులో నా ఉద్యోగం. ఇద్దరం ఎనిమిది వేల మైళ్ళకి పైగా దూరంలో ఉండి, ఒకే దేశం పెట్టే సంతకం కోసం బిక్కచచ్చి కూర్చున్నాం. సర్వర్లకి బ్యాకప్ ఉందా, ఒక్కటి పడితే మొత్తం పడిపోతుందా అని ఆఫీసులో గంటలు గంటలు వాదిస్తాను. మా ఇంటి ఆర్కిటెక్చర్ డయాగ్రం మాత్రం ఒక్కసారీ గీసుకోలేదు. గీస్తే అన్ని బాణాలూ ఒక్క బాక్సులోకే వెళ్తాయి.

2009లో మన దేశంలో వెనామీకి అనుమతిచ్చినప్పటి నుంచీ మా వైపు కథ ఇదే. ఒకరికి లాభమొస్తే ఊరంతా అదే వేశారు. మా బ్యాచ్‌లో అందరూ అదే బ్రాంచి, అదే ఎమ్మెస్, అదే వీసా అన్నట్టు. తప్పని అనను, ఆ రొయ్యలే నా ఫీజు కట్టాయి. కానీ కొనేవాడు ఒక్కడే అయితే రేటు చెప్పేది వాడే. సుఖం ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి గుర్తుండదు, అంతే.

ఇందులో నాకు సిగ్గేసిన సంగతేంటంటే, నాన్న అప్పటికే దారి చూసుకున్నాడు. "ఈసారి శీలావతి, బొచ్చె వేద్దామనుకుంటున్నా. మన నీళ్ళలో ఉప్పు తక్కువేగా. లాభం అంత ఉండదు. కానీ కలకత్తా వాడు కొనకపోతే అస్సాం వాడు కొంటాడు" అన్నాడు. ఇంజనీరింగ్ చదివింది నేను, బ్యాకప్ పెట్టింది ఆయన.

మరి నా రెండో చెరువు ఏంటి? ఇంకా తెలీదు. మీకు తెలిస్తే అదృష్టవంతులే. తెలీకపోతే ఓ కాగితం తీసుకుని, మీ ఇంటి బాణాలు కూడా ఎటు వెళ్తున్నాయో ఓసారి గీసి చూసుకోండి.

అన్నట్టు, ఆ ప్యాకెట్ కరగనివ్వకండి.