బీటపై రంగు

విమానమునకు ముసలితనము పైకి గనబడదు. రెక్కల గుడ్డ మార్చి రంగు పూసినచో నెనుబదియేండ్ల టైగర్ మాత్ సైతము పెండ్లికూఁతురివలె నుండును. మా జంగారెడ్డిగూడెమునకు దిగువనున్న తాడేపల్లిగూడెమున, రెండవ ప్రపంచయుద్ధకాలమున వేసిన విమానపుబాట నేఁటికిని గలదు. దానిని జూచినపుడెల్ల విమానవేగముకంటె వాని మరమ్మతే నాకు ముందుగాఁ దలఁపునకు వచ్చును.

1931లో తొలుత నెగిరిన టైగర్ మాత్, 1958లో బెంగుళూరి హిందూస్థాన్ సంస్థవారు నిర్మించిన పుష్పక్, ఈ రెంటి యొడలును గుడ్డ కప్పిన యుక్కుగొట్టముల పంజరమే. నేల దిగునప్పటి కుదుపు, ఇంజను అదురు, ఒక్కొక్కటి స్వల్పమే; వేలమారులు కలిగినచో లోహ మలయును. అతుకుప్రక్క వెండ్రుకవంటి బీట పుట్టును. బలమంతయు బీట యొక్క వాఁడికొనయందే గుమిగూడునని 1913లో ఇంగ్లిస్ అను పండితుఁడు గణితముచే నిరూపించెను. కావున బీట చిన్నదని యుపేక్షింపరాదు.

నేర్పరియగు మేస్త్రీ మొదట రంగు తొలఁగించును. ఎఱ్ఱని ద్రవము పూసి, కొంతసే పుంచి, తుడిచి, తెల్లనిపొడి చల్లును. బీటలో దాఁగిన యెఱుపు గీతయై వెలికి వచ్చును. బీటకొనయందు చిన్నబెజ్జము తొలిచినచో నది కొంతకాల మాగవచ్చును. కాని ప్రధానమగు గొట్టమున కది చాలదు. బీటను దాఁటి యిరువైపుల సాగు నుక్కుతొడుగు వేసి వెల్డింగు చేయవలయును. తొడుగంచును అడ్డముగాఁ గోయక, కొల్లేటిచేప నోరు తెఱచినట్లు ఏటవాలుగాఁ గోయుదురు. అడ్డకోతయైనచో బలము హఠాత్తుగ నొకచోటఁ బడి, తొడుగుచెంతనే క్రొత్తబీట పుట్టును. పిదపఁ జేసినపని యంతయు విమానపు పుస్తకమున వ్రాసి చేవ్రాలు చేయుదురు.

మన మెట్టసీమ పొగాకురైతు బ్యారనులోని యినుపగొట్టము బీటవాఱినచో దాఁచుకొనఁడు; నిప్పురవ్వ యాకుపైఁ బడిన సర్వము భస్మమగునని యెఱుఁగును. ఇంటిలోని బీటనుమాత్రము పరువను రంగుతోఁ గప్పుచున్నాము. 1961లో వరకట్ననిషేధచట్టము వచ్చినను, కట్నమునకై హింసపడి పుట్టింటికి వచ్చిన కూఁతురితో "సర్దుకొమ్మా, కాలమే బాగుచేయు"నని చెప్పి మరల నంపు తల్లిదండ్రు లెందఱో! ఆమాట బీటకొనయందలి బెజ్జమువంటిది. ఒకపండుగ గడచును, రెండు పండుగలు గడచును. బరువు మాత్రము తగ్గదు.

సోదరీమణులారా! బిడ్డ కన్నీటితో వచ్చినపుడు ఇరుగుపొరుగు లేమందురో యని తలుపు మూయకుఁడు. ఏమి జరిగినదో పూర్తిగా వినుఁడు, వ్రాసి యుంచుఁడు, నలుగురి యెదుటఁ జెప్పుఁడు. మేస్త్రీ సంతకము చేయనిదే యా విమాన మెగురదు. మీరు సమ్మతింపనిదే యామెను మరల నెవరు పంపఁగలరు?